పేరు - అంకె - యంత్రము : కంప్యూటరు విద్యకు తొలి పాఠము



సమాచార వ్యవస్థల పాఠ్యక్రమములో క్రొత్తగా చేరు విద్యార్థులలో పలువురు తెలుగు మాధ్యమములోనో, ఉర్దూ మాధ్యమములోనో పాఠశాల విద్య ముగించుకొని వచ్చినవారు. తొలి వారములో వారు మమ్ములను తప్పక అడుగు ప్రశ్న ఒకటి కలదు. "సార్, కంప్యూటరు నేర్చుకొనుటకు ముందు ఇంగ్లీషు నేర్చుకొనవలెనా?" అని. ఇంగ్లీషు నేర్చుకొనుట మంచిదే. కాని కంప్యూటరు శాస్త్రమునకు మూలమైన భావములు ఏ ఒక్క భాష సొత్తును కావు. అవి మన ఇండ్లలో, మన పొలముల లెక్కలలో, మన అంగళ్ల పద్దులలో తరతరములుగా ఉన్నవే. పేర్లు మాత్రమే క్రొత్తవి. ఈ విషయమును తేటపరచుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము. మరియొక ఉద్దేశము కూడ కలదు. ఈ శాస్త్రమును అశ్రద్ధగా వాడినచో ఒక మనిషికి ఎంత నష్టము కలుగగలదో మా కన్నుల యెదుట చూచితిమి. ఆ సంగతి తగిన చోట చెప్పెదము.

1. కరణము గారి కవిలెకట్ట

చిత్తూరు జిల్లా పల్లెలలో పెద్దలను అడిగినచో కరణము గారి లెక్కలను గురించి చెప్పుదురు. గ్రామములోని ప్రతి భూమికి ఒక సర్వే నెంబరు, దాని విస్తీర్ణము, పట్టాదారు పేరు, అనుభవదారు పేరు, వేసిన పైరు, నీటి వసతి - ఇవన్నియు అడంగలు అను పుస్తకములో గళ్లు గళ్లుగా వ్రాయబడుచుండెను. ఆ లెక్క ఫసలీ సంవత్సరము ప్రకారము జూలై 1వ తేదీన మొదలై మరుసటి జూన్ 30తో ముగియును. ఫసలీ సంఖ్యకు 590 కలిపినచో ఆ లెక్క మొదలైన క్రీస్తు సంవత్సరము వచ్చును. ఫసలీ 1433 అనగా 2023 జూలైలో మొదలైనది.

ఈ లెక్కలలోని మాటలను గమనింపుడు. ఫసలీ, జమాబందీ, వసూలు, బాకీ, రశీదు, నకలు, దస్తావేజు, తారీఖు - ఇవన్నియు అరబ్బీ పారశీకముల నుండియు ఉర్దూ ద్వారమునను తెలుగులోనికి వచ్చి స్థిరపడినవి. కవిలె, పద్దు, చేను, మడి - ఇవి తెలుగు మాటలు. ఈ రెండు భాషలును ఒకే పుస్తకములో, ఒకే వరుసలో, ఏ తగవును లేక కూర్చున్నవి. మన కళాశాల వలెనే అని చెప్పవచ్చును.

ఇప్పుడు కంప్యూటరు పరిభాషను దీనికి అన్వయింతము. అడంగలులోని ఒక్కొక్క గడి ఒక 'ఫీల్డు'. ఒక భూమికి సంబంధించిన గళ్లన్నియు కలసిన అడ్డు వరుస ఒక 'రికార్డు'. అట్టి వరుసలన్నియు చేరిన పుస్తకము ఒక 'ఫైలు', లేదా 'పట్టిక'. ఒక దానితో ఒకటి సంబంధము గల పుస్తకములన్నియు చేరిన కవిలెకట్టయే 'డేటాబేసు'. అడంగలులోని సర్వే నెంబరును పట్టుకొని మరియొక పుస్తకములో ఆ భూమి హక్కుదారు వివరమును వెదకినట్లే, ఒక పట్టికలోని సంఖ్యను పట్టుకొని మరియొక పట్టికలోని వివరమును యంత్రము వెదకును.

దత్తాంశమునకును సమాచారమునకును గల భేదమును కూడ ఇచ్చటనే గ్రహింపవలెను. "2-15" అని ఒక కాగితముపై వ్రాసి ఇచ్చినచో దాని అర్థమేమి? రెండెకరముల పదునైదు సెంట్లా? రెండు గంటల పదునైదు నిమిషములా? ఫిబ్రవరి పదునైదవ తేదీయా? ఏ గడిలో వ్రాయబడినదో తెలిసిన పిదపనే అది సమాచారమగును. గడి పేరు లేని అంకె దత్తాంశము మాత్రమే.

వంశపారంపర్య గ్రామాధికారుల పద్ధతి ఆంధ్రప్రదేశ్‌లో 1984 జనవరిలో రద్దయినది. పిదప రిజిస్ట్రేషను కార్యాలయములలో 'కార్డ్' అను పథకము క్రింద 1998 నవంబరులో రాష్ట్రమంతట రెండు వందలకు పైగా కార్యాలయములకు కంప్యూటర్లు వచ్చినవి. 2015లో 'మీభూమి' ద్వారా అడంగలును, 1-బిని ఎవరైనను ఇంటినుండియే చూచుకొనుటకు వీలు కలిగినది. పుస్తకము మారినది. గడి మారలేదు, వరుస మారలేదు. అయితే ఒకటి మాత్రము పోయినది. ఊరిలో ఇద్దరు మస్తానులు ఉన్నచో ఎవరు పెద్ద మస్తానో, ఎవరు చిన్న మస్తానో, ఎవరి తండ్రి ఎవరో కరణమునకు నోటికి వచ్చును. ఆ తెలివి పుస్తకములో లేదు, ఆయన తలలో ఉండెను. యంత్రమునకు తల లేదు. దానికి గడిలో ఉన్నదే తెలియును. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు. దీనితో తరువాత పని పడును.

2. యంత్రములోని భాగములు

కంప్యూటరు ఎంత పెద్దదైనను, ఎంత చిన్నదైనను అందులో ఐదు పనులు జరుగును. దత్తాంశమును లోనికి తీసికొనుట, దానిని కొంతసేపు కన్నుల ముందుంచుకొనుట, లెక్క చేయుట, ఫలితమును భద్రపరచుట, బయటకు చూపుట. చేతిలోని సెల్‌ఫోను నుండి రైల్వే రిజర్వేషను వ్యవస్థ వరకు ఇదే వరుస.

బడిలో పలకపై లెక్క చేసిన అనుభవము మీ ఇండ్లలోని పెద్దలకు ఉండును. ఉపాధ్యాయుడు లెక్క చెప్పును: అది లోనికి వచ్చు దత్తాంశము. పిల్లవాడు పలకపై అంకెలు వేసికొనును: అది తాత్కాలిక స్మృతి. తల పని చేయును: అది సంస్కరణ. జవాబును నోటుపుస్తకములో ఎక్కించును: అది శాశ్వత నిల్వ. పైకి చదివి వినిపించును: అది ఫలితము. గంట కొట్టగానే పలక తుడిచివేయబడును, నోటుపుస్తకము మిగులును. విద్యుత్తు పోయినప్పుడు కంప్యూటరులో జరుగునదియు ఇదియే. పలకపై ఉన్నది పోవును, పుస్తకములో ఎక్కించినది నిలుచును. పని చేయుచున్న ప్రతి పది నిమిషములకును దానిని భద్రపరచుడని మేము ప్రయోగశాలలో పదేపదే హెచ్చరించుటకు కారణమిదే.

3. శూన్యము, సిఫర్, ఒకటి

యంత్రములోని సూక్ష్మభాగము ఒక్కొక్కటియు రెండు స్థితులలో మాత్రమే ఉండగలదు. దీపము వెలుగుచున్నది, లేదా ఆరియున్నది. వెలిగినచో 1, ఆరినచో 0. ఈ ఒక్క స్థానమును 'బిట్' అందురు. రెండు అంకెలతో సమస్త సంఖ్యలను ఎట్లు వ్రాయుట?

ఐదు దీపములను వరుసగా పెట్టితిమనుకొనుడు. కుడి ప్రక్కనున్న దీపము విలువ 1. దాని ఎడమనున్నది 2. తరువాత 4, 8, 16. ప్రతి స్థానమునకును విలువ రెట్టింపగును. వెలిగిన దీపముల విలువలను కూడినచో సంఖ్య వచ్చును. తిరుమల కొండలు ఏడు. ఏడనగా 4, 2, 1 కూడిక. కనుక కుడినుండి మూడు దీపములు వెలిగించినచో చాలును: 00111. పదమూడు అనగా 8, 4, 1 కూడిక: 01101. ఐదును వెలిగినచో 31. ఐదు వ్రేళ్లను దీపములుగా భావించినచో ఒక్క చేతిపై సున్న నుండి 31 వరకు లెక్కించవచ్చును. ఈ సాయంత్రమే ఇంటిలో తమ్ములకు, చెల్లెండ్రకు చూపుడు.

ఎనిమిది దీపముల వరుసను 'బైటు' అందురు. ఎనిమిది దీపములు 256 విధములుగా వెలుగగలవు.

ఈ సందర్భమున సున్న చరిత్ర ఒకింత చెప్పవలెను. మన దేశపు గణితజ్ఞులు 'శూన్యము' అనిరి. అరబ్బీ పండితులు దానిని అదే అర్థమిచ్చు మాటతో 'సిఫ్ర్' అనిరి. ఉర్దూ విద్యార్థులు నేటికిని సున్నను 'సిఫర్' అనియే చదువుచున్నారు. ఆ సిఫ్ర్ నుండియే ఐరోపా భాషలలోని 'జీరో' అను మాటయు పుట్టినది. కనుక ప్రతి కంప్యూటరులోను కోట్లాదిగా ఆరియుండు దీపములకు మూలమైన భావము సంస్కృతము నుండి అరబ్బీకి, అరబ్బీ నుండి ఐరోపాకు ప్రయాణము చేసినదే. మనకు పరాయిది కాదు.

4. అక్షరము అంకెగా మారు విధము

యంత్రమునకు అంకెలే తెలిసినప్పుడు అక్షరములను ఎట్లు గ్రహించును? ప్రతి అక్షరమునకు ఒక సంఖ్యను కేటాయించుట ద్వారా. 1963లో అమెరికాలో 'ఆస్కీ' అను పట్టిక వెలువడినది. అందు 128 స్థానములు మాత్రమే కలవు. ఇంగ్లీషు పెద్ద బడిలో మొదటి అక్షరమైన 'ఏ'కు 65. మాటల నడుమ విడిచెడు ఖాళీకి కూడ ఒక సంఖ్య కలదు, 32. ఖాళీ అనగా ఏమియు లేకపోవుట కాదు. యంత్రము దృష్టిలో అదియు ఒక అక్షరమే.

ఆ పట్టికలో తెలుగునకు గాని, ఉర్దూకు గాని చోటు లేదు. 1991లో భారత ప్రమాణముల సంస్థ 'ఇస్కీ' అను పేర భారతీయ లిపులకు ఒక పట్టికను ఏర్పరచినది. అదే సంవత్సరమున ప్రపంచ లిపులన్నిటికిని ఒకే పట్టిక నిచ్చు 'యూనికోడు' తొలి కూర్పు వెలువడినది. యూనికోడులో తెలుగునకు 3072 నుండి 3199 వరకు 128 స్థానములు కేటాయింపబడినవి. 'అ'కు 3077. 'క'కు 3093, 'ఖ'కు 3094. గుడికి 3135, గుడిదీర్ఘమునకు 3136. ఉర్దూ వ్రాయు అరబ్బీ లిపికి ముఖ్యమైన స్థానములు 1536 నుండి మొదలగును. 'అలిఫ్'కు 1575, 'బే'కు 1576.

ఈ సంఖ్యలను యంత్రములో నిలువ చేయుటకు అధికముగా వాడు పద్ధతిలో ఇంగ్లీషు అక్షరమునకు ఒక బైటు, ఉర్దూ అక్షరమునకు రెండు బైట్లు, తెలుగు అక్షరమునకు మూడు బైట్లు పట్టును. ఇది చిన్న విషయమువలె కనిపించును. కాని 'షేక్ మస్తాన్ వలీ' అను పేరును పరిశీలింపుడు. ఇంగ్లీషులో వ్రాసినచో ఖాళీలతో కూడ 17 బైట్లు. తెలుగులో ఒత్తులు, గుణింతపు గుర్తులు, పొల్లులు విడివిడిగా లెక్కకు వచ్చును గనుక 44 బైట్లు. పేరు గడికి 30 బైట్లు చాలునని ఇంగ్లీషును మాత్రమే మనస్సులో ఉంచుకొని ఎవరైనను నిర్ణయించినచో, తెలుగులో ఆ పేరు 'షేక్ మస్తా' అని తెగిపోవును. యంత్రము తప్పు చేయలేదు. గడి వెడల్పు నిర్ణయించిన మనిషి మన లిపిని గూర్చి తలంపలేదు.

మరియొక చిక్కు కలదు. ఉర్దూలో 'జాల్', 'జే', 'జ్వాద్', 'జోయ్' అను నాలుగు అక్షరములు దాదాపు ఒకే ధ్వని నిచ్చును. తెలుగులో నాలుగింటికిని 'జ' ఒక్కటే. 'సే', 'సీన్', 'స్వాద్' అను మూడింటికిని 'స' ఒక్కటే. ఉర్దూ నుండి తెలుగునకు పేరు వ్రాయుట సులభము. ఆ తెలుగు పేరును చూచి తిరిగి ఉర్దూ వ్రాయమన్నచో ఏ 'జ'యో యంత్రమునకు తెలియదు. ఒక రూపము నుండి మరియొక రూపమునకు మార్చునపుడు కొంత సమాచారము నశించును. నశించినది తిరిగి రాదు. అందుచేత మొదటి రూపమును పారవేయక దాచుకొనవలెను. ఇది సమాచార శాస్త్రములోని పెద్ద సూత్రము.

5. క్రమవిధి

పనిని చిన్న చిన్న మెట్లుగా విభజించి, ఏ మెట్టు తరువాత ఏ మెట్టో సందేహము లేకుండ చెప్పుటను 'అల్గారిథము' అందురు. తెలుగులో క్రమవిధి అనవచ్చును. ఈ మాట తొమ్మిదవ శతాబ్దమున బాగ్దాదులో నివసించిన గణితజ్ఞుడు అల్ ఖ్వారిజ్మీ పేరు నుండి వచ్చినది. ఆయన భారతీయ సంఖ్యాపద్ధతిని వివరించుచు ఒక గ్రంథము వ్రాసెను. అది లాటిను భాషలోనికి వెళ్లినప్పుడు ఆయన పేరు 'అల్గోరిత్మి' అయినది. ఆయన మరియొక గ్రంథపు పేరులోని 'అల్ జబ్ర్' అను మాటయే 'ఆల్జీబ్రా'.

ఒక ఉదాహరణ. వేయి మంది విద్యార్థుల పేర్లు గల రిజిస్టరులో ఒక పేరు వెదకవలెను. మొదటి పేరు నుండి వరుసగా చూచుచు పోయినచో, అదృష్టము చాలనప్పుడు వేయి పేర్లును చూడవలసి వచ్చును. రిజిస్టరు అక్షర క్రమములో ఉన్నచో వేరొక మార్గము కలదు. సరిగా నడుమ పుట తెరువుడు. కావలసిన పేరు అంతకు ముందుదైనచో వెనుక సగమును విడువుడు. తరువాతిదైనచో ముందు సగమును విడువుడు. మిగిలిన సగములో మరల నడుమ తెరువుడు. వేయి అయిదు వందలగును, అయిదు వందలు రెండు వందల ఏబది అగును. పది మారులలో పేరు దొరకును. లక్ష పేర్లున్నను పదునేడు మారులు చాలును.

యంత్రము వేగముగా పనిచేయుట వలననే ఇది సాధ్యమని తలంపకుడు. ఈ వేగము యంత్రముది కాదు, ఆలోచనది. రిజిస్టరును క్రమములో ఉంచిన గుమాస్తా శ్రమది. క్రమము లేని రిజిస్టరుపై ఈ ఉపాయము చెల్లదు.

6. ఒక విద్యార్థి పేరు

ఇప్పుడు మేము ముందు చెప్పెదమన్న సంగతి. కొన్ని సంవత్సరముల క్రిందట మా వద్ద చదివిన ఒక విద్యార్థికి ఉపకార వేతనము మంజూరైనది. అతని అసలు పేరు చెప్పుట తగదు గనుక షేక్ మస్తాన్ వలీ అనుకొందము. పదవ తరగతి సర్టిఫికెట్టులో అతని పేరు 'షేక్ మస్తాన్ వలీ'. బ్యాంకు ఖాతాలో 'మస్తాన్‌వలి ఎస్.' అని. రేషను కార్డులో 'షేక్ మస్తాన్' అని. మూడు చోట్ల మూడు విధములు. మూడింటిలోను ఉన్నది ఆ ఒక్క పిల్లవాడే. మన ఊరి కరణమైనచో చూచి నవ్వి సంతకము చేసెడివాడు. యంత్రము మాత్రము 3135కును 3136కును సమానము కాదనెను. 32 అను ఖాళీ ఒక చోట ఉన్నది, మరియొక చోట లేదనెను. ఇద్దరు వేర్వేరు మనుష్యులని తేల్చెను.

డబ్బు వెనుకకు మళ్లినది. ఆ కుర్రవాడు ఒక కార్యాలయము నుండి మరియొక కార్యాలయమునకు తిరిగెను. ఒకరు బ్యాంకులో మార్పించుకొని రమ్మనిరి. అచ్చట కార్డులో మార్పించుకొని రమ్మనిరి. మరియొక చోట సర్టిఫికెట్టు సరిగా ఉన్నది గదా, మేమేమి చేయుదుమనిరి. వారిలో ఏ ఒక్కరును దురుద్దేశము గలవారని మేము అనజాలము. ఎవరి గడి వారికి సరిగానే ఉన్నది. పని తీరునప్పటికి విద్యా సంవత్సరము ముగిసినది. పరీక్ష రుసుము కొరకు తండ్రి వడ్డీకి అప్పు తెచ్చెను. ఆ బాలుడు మా గదిలో కూర్చుండి, "సార్, నేను నేనే అని ఎవరు చెప్పవలెను?" అని అడిగినాడు. నాడు మా వద్ద సమాధానము లేదు. ఈ వ్యాసము కొంతవరకు ఆ సమాధానమే.

మాకును ఇందులో భాగము కలదని ఒప్పుకొనవలెను. అతడు చేరిన నాడు దరఖాస్తులోని పేరును, సర్టిఫికెట్టులోని పేరును, బ్యాంకు పుస్తకములోని పేరును ప్రక్క ప్రక్కన పెట్టి చూచి ఉన్నచో, ఆ భేదము ఐదు నిమిషములలో బయటపడి ఉండెడిది. మేము చూడలేదు. విత్తొకటి పెట్టినచో చెట్టొకటి మొలవదు గదా.

ఈ దోషమునకు శాస్త్రములో మందు కలదు. మనిషిని గుర్తించుటకు పేరును ఆధారము చేసికొనరాదు. పేరు పిలుచుకొనుటకు. గుర్తించుటకు ఒకరికి ఒకటే, ఒకటి ఒకరికే అయిన సంఖ్య కావలెను. దీనిని 'కీ' అందురు. అడంగలులో భూమికి సర్వే నెంబరు ఉన్నట్లే. భూమి చేతులు మారినను నెంబరు మారదు.

మంచి సంకేతమునకు ఉదాహరణగా తపాలా శాఖవారు 1972 ఆగస్టు 15న ప్రవేశపెట్టిన పిన్ కోడును చూడుడు. ఆరు అంకెలు. చిత్తూరు 517001. తిరుపతి 517501. మదనపల్లె 517325. మొదటి అంకె దేశములోని మండలమును, మొదటి మూడంకెలు ఉత్తరములు వేరుచేయు ప్రాంతమును, చివరి మూడు బట్వాడా చేయు తపాలా కార్యాలయమును తెలుపును. 2022 ఏప్రిల్ 4న తిరుపతి ప్రత్యేక జిల్లా అయినను 517 అను తొలి అంకెలు మారలేదు. ఉత్తరము దారి తప్పలేదు. జిల్లా పేరును బట్టి కోడు కట్టి ఉన్నచో ఆ రోజున అన్నియు మార్చవలసి వచ్చెడిది. అదే సమయమున, పిన్ కోడును చూచి జిల్లా నిర్ణయింపబోయినవాడు పొరపాటు పడును. ఏ సంకేతము ఏ పనికి పుట్టినదో ఆ పనికే వాడవలెను.

అయితే అంకెను వ్రాయుటలోనే తప్పు దొర్లినచో? దీనికి 'తనిఖీ అంకె' అను ఉపాయము కలదు. ఒక విద్యార్థి సంఖ్య 472 అనుకొనుడు. మొదటి అంకెను 1తోను, రెండవదానిని 2తోను, మూడవదానిని 3తోను హెచ్చించి కూడుడు. 4, 14, 6 కలసి 24. చివరి అంకె 4ను సంఖ్య చివర చేర్చుడు: 4724. ఎవరైనను తొందరలో 7424 అని తారుమారుగా వ్రాసినచో 7, 8, 6 కలసి 21. చివర 1 రావలసినచోట 4 ఉన్నది. తప్పు పట్టుబడినది. ఆధారు సంఖ్యలోని పన్నెండు అంకెలలో చివరిది ఇట్టి తనిఖీ అంకెయే. దానికి వాడిన పద్ధతి ఇంతకన్న గట్టిది. వెర్హోఫ్ అను డచ్చి గణితజ్ఞుడు 1969లో ప్రకటించిన ఆ పద్ధతిలో ఒక్క అంకె తప్పినను, ప్రక్క ప్రక్క అంకెలు రెండు తారుమారైనను తప్పక బయటపడును.

కాని సంఖ్య ఉన్నంత మాత్రమున సర్వమును చక్కబడదు. సంఖ్య సరిపోయిన పిదప కూడ పేరు అక్షరాక్షరము కలియవలెనని నియమము పెట్టినచో పాత కష్టమే మిగులును. యంత్రమునకు ఆ నియమము పెట్టునది మనిషి. "భేదమున్నచో త్రోసివేయుము" అని వ్రాయవచ్చును. "భేదమున్నచో ఒక మనిషికి చూపుము" అని కూడ వ్రాయవచ్చును. రెండును ఒకే పొడవు గల ఆజ్ఞలు. మొదటిది ఒక కుటుంబమును అప్పులోనికి త్రోయును. రెండవది ఒక గుమాస్తాకు ఐదు నిమిషముల పని కల్పించును. రేపు ఈ ఆజ్ఞలను వ్రాయబోవువారు మీరే.

7. కాటూరు నుండి

ఇంత పెద్ద శాస్త్రములో మనవంటి పల్లెల పిల్లలకు చోటెక్కడ అని కొందరు నిరుత్సాహపడుదురు. వారికొరకు ఒక జీవితమును జ్ఞాపకము చేయుచున్నాము. డబ్బల రాజగోపాల్ రెడ్డిగారు, లోకమునకు రాజ్ రెడ్డిగారు, 1937 జూన్ 13న చిత్తూరు జిల్లా కాటూరు గ్రామములో రైతు కుటుంబములో జన్మించిరి. ఆ కుటుంబములో కళాశాల మెట్లెక్కినవారిలో ఆయనయే మొదటివారు. 1958లో మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో పట్టా పొందిరి. అది కంప్యూటరు పట్టా కాదు, సివిల్ ఇంజనీరింగు పట్టా. నాటికి దేశములో కంప్యూటర్లే అరుదు. కలకత్తాలోని భారత గణాంక సంస్థకు 1955లో తొలి యంత్రము వచ్చినది. హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. సంస్థ 1967లో గాని స్థాపింపబడలేదు. అచ్చట టి.డి.సి.-12 అను కంప్యూటరు తయారైనది 1969లో.

రాజ్ రెడ్డిగారు ఆస్ట్రేలియాలో ఉన్నతవిద్య ముగించి, అమెరికాలోని స్టాన్‌ఫర్డులో 1966లో డాక్టరేటు పొందిరి. 1969లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునకు వెళ్లి మనిషి మాటను యంత్రము అర్థము చేసికొనునట్లు చేయుటకు పాటుపడిరి. ఆయన బృందము నిర్మించిన 'హియర్‌సే' వ్యవస్థలో ఒక చక్కని ఉపాయము కలదు. చెవిన పడిన ధ్వని ఒక్కటియే చాలదు. ధ్వని తెలిసిన భాగము, మాటలు తెలిసిన భాగము, వాక్యము తెలిసిన భాగము - ఇవన్నియు ఒకే నల్లబల్లపై తమ తమ ఊహలను వ్రాయును. ఒకరి ఊహను చూచి మరియొకరు దిద్దుకొందురు. చివరకు అందరికిని పొసగిన అర్థము నిలుచును. మన మస్తాన్ వలీ కథలో లేనిది ఆ నల్లబల్లయే. ఎవరి గడి వారు చూచిరి గాని, అందరును ఒక బల్ల ముందు నిలువలేదు.

1979లో రాజ్ రెడ్డిగారు రోబోటిక్స్ సంస్థకు తొలి సంచాలకులైరి. 1994లో కంప్యూటరు శాస్త్రములో అత్యున్నతమైన ట్యూరింగు పురస్కారమును ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌గారితో కలసి అందుకొనిరి. ఆసియా సంతతివారిలో ఆ గౌరవము పొందినవారిలో ఆయనయే మొదటివారు. 2001లో పద్మభూషణులైరి. గ్రామీణ విద్యార్థులకొరకు మన రాష్ట్రములో 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయమునకు తొలి కులపతిగా వ్యవహరించిరి. చదువురాని మనిషి కూడ తన నోటి మాటతో యంత్రమును వాడుకొనగలుగవలెనన్నది ఆయన చిరకాల ఆకాంక్ష.

8. మా మనవి

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. ప్రవేశ రిజిస్టరులో విద్యార్థి పేరును తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడు లిపులలోను వ్రాయించుటకు గళ్లు ఏర్పరచవలెను. వ్రాసినదానిని తల్లిదండ్రులకు పైకి చదివి వినిపించి, సర్టిఫికెట్టుతోను, బ్యాంకు పుస్తకముతోను అదే రోజున సరిచూడవలెను. భేదమున్నచో విద్యార్థిని పంపివేయక, సరిదిద్దుటకు కళాశాలయే ఒక ఉత్తరము ఇవ్వవలెను. ఇందుకు క్రొత్త యంత్రములు అక్కరలేదు. ఒక బల్ల, ఒక గుమాస్తా, కొంత ఓర్పు చాలును. మన మూడవ సంవత్సరపు విద్యార్థులు ఈ పనిలో సహాయపడుటకు సిద్ధముగా ఉన్నారు. వారికి ఇంతకన్న మంచి ప్రయోగ పరీక్ష లేదు.

విద్యార్థులారా, ఈ క్రింది అభ్యాసములను చేసి చూడుడు.

(1) 21, 26 అను సంఖ్యలను ఐదు దీపములతో చూపుడు.
(2) మీ పేరును తెలుగులో వ్రాసి, గుణింతపు గుర్తులు, పొల్లులు వేరుగా లెక్కించి ఎన్ని బైట్లగునో చెప్పుడు.
(3) పై తనిఖీ పద్ధతిలో 4724ను 4224 అని వ్రాసినచో తప్పు ఎందుకు పట్టుబడదో కనుగొనుడు.
(4) మీ ఇంటిలోని కాగితములన్నిటిని ముందు వేసికొని, మీ తల్లిగారి పేరు ఎన్ని విధములుగా వ్రాయబడినదో లెక్కింపుడు.

మొదటి మూడింటికి మేము మార్కులు వేయుదుము. నాలుగవదానికి జవాబు మీకు దొరకిన నాడు, ఆ కాగితములతో మా గదికి రండు. కలసి కూర్చుండి సరిచేయుదము.